చచ్చే వేషం మాకేనా?

నాలుగో తరగతిలో నేను చచ్చిపోయాను. ఆగస్టు పదిహేను నాడు, బల్లలు జతచేసి కట్టిన స్టేజీ మీద, ఊరంతా చూస్తుండగా, చప్పట్ల మధ్య చచ్చిపోయాను. అప్పుడు నా పేరు అఫ్జల్‌ఖాన్. నన్ను చంపినవాడు నా బెంచీ దోస్తు. సోడా మూతలు వంచి గుడ్డకు కుట్టిన పులిగోళ్లతో నా కడుపు చీల్చాడు. నేను 'యా అల్లా' అని అరిచి పడిపోవాలి. సారు అట్లాగే నేర్పాడు. ఎంత గట్టిగా అరిస్తే అంత బాగుంటుందన్నాడు. నేను బాగా అరిచాను. చప్పట్లు ఆగలేదు.

వేషాలు పంచిన రోజు బాగా గుర్తుంది. సారు ఎవరితోనూ ఒక్క మాట చదివించి చూడలేదు. తరగతి మీద ఒకసారి చూపు తిప్పి ముందు బెంచీలోని ఎర్రటి పిల్లగాణ్ణి 'శివాజీ నువ్వు' అన్నాడు. పటేలు గారి బిడ్డ జిజియాబాయి అయింది. తర్వాత నా దగ్గర ఆగి, 'అఫ్జల్‌ఖాన్‌కు ఎతుకుడెందుకురా, మీ వోడే గద' అన్నాడు. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. నాకు వేషం దొరికిందన్న సంబరం నాది. మాదిగ పిల్లలు ముగ్గురుంటే ముగ్గురికీ బల్లేలు పట్టుకొని నిలబడే పని ఇచ్చాడు. ఒక్కరికీ మాట లేదు. అది అప్పుడు నాకు కనిపించలేదు. ముప్పై అయిదేళ్ల తర్వాత ఇది రాస్తుంటే కనిపిస్తున్నది.

ఆ సారు చెడ్డవాడు కాదు. ఒక ఏడాది నా పరీక్ష ఫీజు ఆయనే కట్టాడు. రంజాన్‌కు మా ఇంట్లో షీర్‌ఖుర్మా తాగేవాడు. ఈ మాట ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఇది చెడ్డవాళ్ల గురించిన వ్యాసం కాదు. మంచివాళ్ల చేతుల మీదుగా జరిగిపోయే అన్యాయం గురించిన వ్యాసం.

ఆ రోజు అమ్మీ నాటకం చూడటానికి వచ్చింది. బురఖా వేసుకొని ఆడవాళ్ల వరసలో చివరన కూర్చుంది. మహల్లా నుంచి ఆమె ఒక్కతే వచ్చింది. నేను చచ్చిపోగానే ఆమె చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. కొడుకు బాగా చేశాడని ఆమె కూడా కొట్టాలా? కొడుకు చచ్చినందుకు ఊరు కొడుతున్న చప్పట్లలో ఆమె చెయ్యి ఎట్లా కలుస్తుంది? ఇంటికొచ్చాక బావి దగ్గర కూర్చోబెట్టి నా మొహం మీది బొగ్గు గడ్డాన్ని కడిగింది. చాలాసేపు కడిగింది. 'ఇంకోసారి చచ్చే వేషం ఎయ్యకు బేటా' అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు. మా అమ్మీ బడికి పోలేదు. కానీ వేషాల పంపకం గురించి నేను విన్న మొదటి విమర్శ ఆమెదే.

గడ్డం ఆ రాత్రే పోయింది. పేరు పోలేదు. ఏడో తరగతి దాకా నేను అఫ్జల్‌ఖాన్‌నే. మొదట్లో అది ఆటపేరు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలిన తర్వాత బడి తెరిచిన రోజున అదే పేరుతో ఒకడు నన్ను పిలిచాడు. పిలుపు పాతదే. గొంతు కొత్తది. ఆ రోజు నేను నవ్వలేదు.

ఇదంతా పాత కథ అనుకున్నాను. అనుకోవడమే కాదు, మరిచిపోయాను కూడా. నా కొడుకు నాలుగో తరగతికి వచ్చేదాకా.

వాడిది పట్నంలో ప్రైవేటు బడి. సెప్టెంబర్ 17 వస్తున్నదని నాటకం పెట్టారు. ఆ రోజుకు ఎన్ని పేర్లున్నాయో తెలంగాణ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం విమోచన దినమని జరుపుతున్నది. రాష్ట్రంలో అప్పటి ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమన్నది. పేరు ఏదైనా బడి నాటకంలో మాత్రం ఒకటే కథ. నల్ల చొక్కాలు, ఖాకీ నిక్కర్లు వేసుకున్న రజాకార్లు ఊరి మీద పడతారు. ఇండ్లు తగలబెడతారు. చివర్లో మిలిట్రీ వస్తుంది. మావాడు ఇంటికొచ్చి సంచి కింద పడేసి అడిగాడు: 'అబ్బా, మనం రజాకార్లమా?'

నలభై ఏళ్లు దాటిన జర్నలిస్టును. రెండు భాషల్లో రాస్తాను. ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక్క భాషలోనూ వెంటనే జవాబు దొరకలేదు.

మర్నాడు బడికి పోయాను. క్లాసు టీచరు పాతికేళ్ల పిల్ల. మర్యాదగా కూర్చోబెట్టింది. 'మీ బాబు ఉర్దూ మంచిగ మాట్లాడతడు సర్, డైలాగులు పర్ఫెక్టుగ వస్తయని ఇచ్చిన. వేరే ఏం లేదు సర్' అన్నది. అబద్ధం చెప్పడం లేదు. ఆమెకు నిజంగానే వేరే ఏమీ లేదు. అసలు బాధ అక్కడే ఉంది. మా పిల్లవాడి నోట్లో ఉన్న ఉర్దూ ఆమెకు కొట్టడానికీ, బెదిరించడానికీ పనికొచ్చే భాషగా తోచింది. మా ఇంట్లో ఆ భాషలో మేం అన్నం తినిపించుకుంటాం. జ్వరం వస్తే నుదురు తడుముకుంటాం. చచ్చినవాళ్ల కోసం ఏడుస్తాం. స్టేజీ మీద దానికి కొరడా ఒక్కటే మిగిలింది.

నేను అడిగాను: 'ఈ నాటకంలో షోయబుల్లాఖాన్ ఉన్నాడా టీచర్?' ఆ పేరు ఆమె వినలేదు. తప్పు ఆమెది కాదు, ఆమె చదివిన పుస్తకాలది. షోయబుల్లాఖాన్ 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలవాలని ఉర్దూలో రాశాడు. అందుకు 1948 ఆగస్టులో రజాకార్లు నడివీధిలో చంపారు. రాసిన చేతిని నరికారు. అంటే రజాకార్లకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చినవాడు కూడా మా వాడే. ఆయన మాట్లాడింది కూడా ఉర్దూయే. ఉర్దూ బాగా వచ్చిన పిల్లవాడికి ఈ వేషం ఎందుకు ఇవ్వకూడదు?

అంతకు ముందు ఎనిమిదేండ్ల కింద, 1940లో, విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టుకెక్కించి తన భూమి కోసం నిలబడి, దొర గూండాల చేతిలో చనిపోయిన షేక్ బందగీ ఎవరు? 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడికి నడిపిన తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఎవరు? సుభాష్ చంద్రబోస్ వెంట 1943లో జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ ఎవరు? వీళ్లంతా ఈ నేల మీది వాళ్లే. బడి స్టేజీ మీదికి మాత్రం వీళ్లలో ఒక్కరూ రారు. మా వాళ్లలోంచి ఖాసిం రజ్వీ ఒక్కడే వస్తాడు.

'చరిత్ర చరిత్రే కదా సర్, రజాకార్లు చేసింది అబద్ధమా?' అని హెడ్‌మాస్టరు అడిగాడు. కాదు. నిజమే. రజాకార్ల దౌర్జన్యాన్ని దాచమని నేను అనడం లేదు. మా పెద్దవాళ్లలో ఎందరో దాన్ని అసహ్యించుకున్నారు. కానీ చరిత్ర అన్నారు గనక మొత్తం చరిత్ర చెప్పండి. రజాకార్లతో చేతులు కలిపి గడీల్లో వాళ్లకు అన్నాలు పెట్టిన దొరలను చెప్పండి. మిలిట్రీ వచ్చిన తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని రాసింది. ఆ చనిపోయినవాళ్లు ముస్లింలు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. తొమ్మిదేళ్ల పిల్లలతో ఆ శవాలను చూపించమని కూడా నేను అనను. అది పసివాళ్లు మోసే బరువు కాదు. మరి అది మోయలేని బరువైతే, ఇది మాత్రం నా కొడుకు భుజం మీద తేలికగా ఎట్లా నిలుస్తుంది?

ఇక అసలు ప్రశ్న. ఆ నాటకంలో దొర వేషం కూడా ఉంది. విసునూరు దొర రెడ్డి. ఆ వేషానికి తరగతిలో రెడ్ల పిల్లవాడు ఎవడా అని టీచరు వెతికిందా? వెతకలేదు. గాంధీ హత్య నాటకం వేస్తారు. గాడ్సే వేషానికి బ్రాహ్మణ పిల్లవాడిని వెతికిన బడి ఒక్కటి చూపించండి. జనరల్ డయ్యర్ క్రైస్తవుడు కదా అని డేవిడ్‌నో, సుగుణ కొడుకునో లేపి నిలబెడతారా? రావణుడు పులస్త్యుడి మనవడు, వేదం చదివిన బ్రాహ్మణుడు. రావణ వేషానికి జంధ్యం ఉన్న ఇంటి పిల్లవాడు కావాలని ఎవరైనా పట్టుబట్టారా? అక్కడ మాత్రం నల్లగా, లావుగా ఉన్నవాడు ఎవడా అని చూస్తారు. దొర చేసిన పాపం రెడ్డి పిల్లవాడికి అంటదు. గాడ్సే పాపం బ్రాహ్మణ పిల్లవాడికి అంటదు. అంటకూడదు కూడా. అది న్యాయం. మేం అడుగుతున్నది ఆ న్యాయమే. ఖాసిం రజ్వీ పాపం మా పిల్లవాడికి ఎందుకు అంటుతున్నది?

'నాటకమే గదండీ, వేషమే గదా' అంటారు. నా లౌకికవాద మిత్రులు కూడా ఇదే అంటారు. వాళ్లకు నా జవాబు ఒకటే. వేషమే అయితే మార్చి ఇవ్వండి. శివాజీ వేషం కరీంకు, అఫ్జల్‌ఖాన్ వేషం శ్రీనివాస్‌కు ఇవ్వండి. వెంటనే నాలుక కరుచుకుంటారు. 'తల్లిదండ్రులు ఏమనుకుంటారో' అంటారు. అంటే అది ఉత్త వేషం కాదని మీకూ తెలుసన్నమాట. శ్రీనివాస్ అమ్మకు నొప్పి కలుగుతుందేమో అని మీకు ముందే తడుతుంది. కరీం అమ్మ నొప్పి మీకు తట్టదు. ఆమె చివరి వరసలో కూర్చుంటుంది.

తెలుగు నాటకం ఒంటి పోలికలు చూసి వేషాలు పంచిన కళ కాదు. స్థానం నరసింహారావు మగవాడు. సత్యభామగా ఆయన స్టేజీ మీదికి వస్తే ఆడవాళ్లు ఆయన నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకుంటారు. రాముడుగా, కృష్ణుడుగా కొలిచిన ఎన్టీ రామారావు 1958లో 'భూకైలాస్'లో రావణుడయ్యాడు. 1977లో 'దానవీరశూరకర్ణ'లో కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ ఆయనే. ఆయన దుర్యోధనుడు వేశాడని జనం ఆయన్ను దుర్యోధనుడని పిలవలేదు. ఎందుకంటే ఆయనకు రాముడి వేషం కూడా ఉంది. తేడా అక్కడ ఉంది. అన్ని వేషాలూ దొరికేవాడికి చెడ్డ వేషం ఒక నటన. ఒక్కటే వేషం దొరికేవాడికి అదే మొహం.

మా వాళ్లు ఈ తెలుగు కళకు పరాయివాళ్లా? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పింజారి ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథకు పర్యాయపదమయ్యాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ ఆయన నోట విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన జీవిత కథ పుస్తకం పేరే 'పింజారి'. బ్రహ్మనాయుడి కథ చెప్పడానికి ఆయన పేరు అడ్డం రాలేదు. తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకొని నిప్పుల గుండం చుట్టూ ఆడేవాళ్లలో గొల్లలు, మాలలు, చాకలివాళ్లు ఎందరో. అలావా దగ్గర నీదెవరి పేరని ఎవరూ అడగలేదు. పల్లె మీది అలావాకు తెలిసిన సంగతి పట్నం బడికి ఎందుకు తెలియదు?

బడికి అంటిన జాడ్యం చిన్నది కాదు, కొత్తదీ కాదు. 1897లో అచ్చయిన వేదం వేంకటరాయ శాస్త్రి గారి 'ప్రతాపరుద్రీయం'లో తుర్కలు ఓరుగల్లు రాజును ఢిల్లీకి ఎత్తుకుపోతే యుగంధర మంత్రి విడిపించుకొస్తాడు. పాత్రకు తగ్గ భాష పెట్టాలని శాస్త్రి గారు తుర్కల నోట ఉర్దూ కలిసిన తెలుగు పెట్టారు. అది ఆయన నాటక విద్య. కానీ ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఆ విద్య రాలేదు, యాస ఒక్కటే పట్టుబడింది. సాయిబు అంటే వంకర తెలుగు మాట్లాడి నవ్వించేవాడు, లేదంటే కత్తి తిప్పేవాడు. స్టేజీ నుంచి సినిమాకు, సినిమా నుంచి టీవీకి, టీవీ నుంచి మళ్లీ బడి పిల్లల స్టేజీకి ఆ మూస తిరిగి వచ్చింది. నా కొడుకు తెలుగులో తరగతి ఫస్టు. రిహార్సల్లో వాడి తెలుగును వంకర చేసి పలకమన్నారు. సరిగ్గా మాట్లాడే పిల్లవాడికి తప్పుగా మాట్లాడటం నేర్పిన బడిని ఏమనాలి?

మాకు ఇంకో వేషం కూడా ఉంది. మరిచిపోయానని అనుకోకండి. జనవరి 26న 'భిన్నత్వంలో ఏకత్వం'. నలుగురు పిల్లలు చేతులు పట్టుకొని నిలబడతారు. ఒకరికి తలపాగా, ఒకరికి సిలువ, ఒకరికి బొట్టు, ఒకరికి టోపీ. టోపీ మాకు. మాటలు ఉండవు. నిలబడి నవ్వాలి. ఫోటో తీసుకుంటారు. ఏడాదంతా మా పిల్లవాడిని అఫ్జల్‌ఖాన్ అని పిలిచే బడి ఆ ఒక్క రోజు వాడి చెయ్యి పట్టుకుంటుంది. ఆ టోపీ వాడు ఇంట్లో ఎన్నడూ పెట్టుకోడు. రబ్బరుబంతి పట్టుకొని గల్లీలో తిరిగే పిల్లవాడు వాడు. స్టేజీ ఎక్కాలంటే మాత్రం ముస్లింగానే ఎక్కాలి. డాక్టరుగా, రైతుగా, చెట్టుగా, కుందేలుగా, రాజుగారి ఏడుగురు కొడుకుల్లో ఏడోవాడిగా ఎక్కడానికి లేదు. విలన్ అయినా మేమే, సామరస్యం బొమ్మ అయినా మేమే. మామూలు మనిషి వేషం మాత్రం మాకు ఇంకా పంచలేదు.

శివాజీ కథే వేయాలా, వేయండి. పూర్తిగా వేయండి. 1659 నవంబర్ 10న ప్రతాప్‌గఢ్ దగ్గర అఫ్జల్‌ఖాన్‌ను కలవడానికి పోయినప్పుడు శివాజీ వెంట ఉన్న అంగరక్షకుల్లో సిద్దీ ఇబ్రహీం ఉన్నాడు. అఫ్జల్‌ఖాన్ తరఫున రాయబారం నడిపినవాడు కృష్ణాజీ భాస్కర్ కులకర్ణి. శివాజీ నౌకాదళంలో దౌలత్‌ఖాన్ ఉన్నాడు. చచ్చిన శత్రువుకు ఆ కోట కిందే సమాధి ఉంది. ఝాన్సీ రాణి కథ వేస్తే కోట మీద ఫిరంగులు పేల్చిన గులాం గౌస్‌ఖాన్‌ను కూడా తీసుకురండి. ఇట్లా వేస్తే కథ రెండు మతాల కుస్తీ కాదు, ఇద్దరు పాలకుల యుద్ధం అని పిల్లలకు తెలుస్తుంది. అప్పుడు ఏ వేషం ఎవరికిచ్చినా ఎవరికీ గాయం కాదు.

బడి నాటకం చిన్న సంగతి అనుకునేవాళ్లకు రెండు ఘటనలు గుర్తుచేస్తాను. రెండూ మన పక్క రాష్ట్రం కర్ణాటకలోనివే. 2019 డిసెంబర్‌లో దక్షిణ కన్నడ జిల్లా కల్లడ్కలో ఒక బడి వార్షికోత్సవంలో పిల్లల చేత బాబ్రీ మసీదు కూల్చివేతను ఆడించారు. బొమ్మ మీదికి పిల్లలు ఉరికారు. పెద్దలు చూసి సంతోషించారు. నెల తిరిగి 2020 జనవరిలో బీదరులో, ఒకప్పటి మన హైదరాబాద్ రాజ్యంలోని బీదరులోనే, ముస్లిం యాజమాన్యంలోని ఒక బడిలో పిల్లలు పౌరసత్వ చట్టం మీద నాటకం వేశారు. కల్లడ్కలోనూ కేసు నమోదైంది. కానీ బీదరులో పెట్టింది రాజద్రోహం కేసు. హెడ్‌మిస్ట్రెస్‌ను, ఒక పిల్ల తల్లిని జైల్లో పెట్టారు. పోలీసులు మళ్లీ మళ్లీ బడికి వచ్చి తొమ్మిది, పదేళ్ల పిల్లలను ప్రశ్నించారు. బిడ్డ స్టేజీ మీద పలికిన ఒక మాటకు తల్లి జైల్లో పడుకుంది. 2023 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. కొట్టేయడానికి మూడేళ్లు పైన పట్టింది. నాటకమే గదా అన్న మాట ఆ తల్లి ముందు అనగలరా?

ఇప్పుడు మా ఇంటి వైపు కూడా తిరగాలి. తిరగకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా బడుల్లో మేం న్యాయంగా పంచుతున్నామా? పదేళ్లు దాటిన ఆడపిల్ల స్టేజీ ఎక్కితే మా కమిటీ పెద్దలకు నిద్ర పట్టదు. సయ్యద్, పఠాన్ ఇండ్ల పిల్లలకు తఖ్రీర్‌లు, దూదేకుల పిల్లలకు కుర్చీలు మోసే పని. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్ల ఉర్దూలో తడబడితే 'ఇదేం ముసల్మాను' అని నవ్వినవాళ్లు మా వాళ్లే. నేను కూడా. ఇరవై ఏళ్ల కింద మా మహల్లాలో ఎండాకాలం సెలవుల్లో అక్బర్-బీర్బల్ నాటిక వేయించాను. అక్బర్ వేషం ఎవరికిచ్చానో తెలుసా? నా మేనల్లుడికి. తెల్లగా ఉంటాడని. ఒక కాలు ఈడ్చి నడిచే పిల్లవాడు రోజూ అందరికంటే ముందు రిహార్సలుకు వచ్చేవాడు. అందరి మాటలూ వాడికి కంఠతా వచ్చు. వాడికి తెర లాగే పని ఇచ్చాను. బీర్బల్ కుంటడం ఎవరూ చూడలేదని నాకు నేను చెప్పుకున్నాను. బీర్బల్ కుంటలేదని మాత్రం ఎవరు చూశారు? నా నాలుగో తరగతి సారు నాకు చేసింది నేను వాడికి చేశాను. వాడు ఇప్పుడు ఆటో నడుపుతాడు. కనబడితే సలాం చేస్తాడు. ఆ సలాం నాకు బరువు.

మా తల్లిదండ్రులు దేవుళ్ల వేషాలకు ఒప్పుకోరు అని టీచర్లు అంటారు. కొందరు ఒప్పుకోరు, నిజమే. కృష్ణుడి వేషం తమ బిడ్డకు వద్దనే హక్కు వాళ్లకుంది. గుర్తింపు పొందిన బడిలో పిల్లలను తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మత బోధనలో, పూజలో పాల్గొనమనడానికి వీల్లేదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. కానీ కొందరు సంతోషంగా ఒప్పుకుంటారు. కృష్ణుడి వేషంలో పిల్లవాడిని చంకనెత్తుకొని బడికి పోయే బురఖా తల్లుల ఫోటోలు జన్మాష్టమికి పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఆ ఫోటో చూసి మురిసిపోవడం కాదు కావాల్సింది. అడగడం కావాలి. మా తరఫున మీరే వద్దనుకోకండి. మా తరఫున మీరే సరే అనుకోకండి. అడగండి.

చట్టం మీ వైపు లేదని కూడా తెలుసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పాఠ్యప్రణాళిక ఎట్లా ఉండాలో చెప్పింది. రాజ్యాంగ విలువలకు తగినట్టు ఉండాలన్నది. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చేయాలన్నది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం నాటకాన్ని, సంగీతాన్ని, నాట్యాన్ని, చిత్రకళను చదువులో భాగమన్నది. చదువులో భాగం అన్నాక లెక్కల్లో ఒకరికి పాఠం చెప్పి ఒకరిని బయట నిలబెట్టనట్టే, నాటకంలోనూ నిలబెట్టకూడదు.

ఏం చేయాలని అడిగిన టీచర్లున్నారు. వాళ్ల కోసం నాలుగు మాటలు. పేరు చూసి, రంగు చూసి, ఒళ్లు చూసి వేషం ఇవ్వకండి. అందరి చేతా ఒక పేరా చదివించండి. చదివినవాళ్లలో చీటీలు వేయండి. రాజు కిరీటం ఒక్కడి తల మీదే నాటకమంతా ఉండాలని లేదు. రంగానికి ఒకరు చొప్పున అదే కిరీటం నలుగురు పిల్లలు పెట్టుకోవచ్చు. చూసేవాళ్లకు కిరీటమే గుర్తు. చెడ్డ వేషానికి కూడా చీటీయే వేయండి. అది మా పిల్లవాడికి వస్తే రానివ్వండి. చీటీలో వచ్చిన అఫ్జల్‌ఖాన్‌కూ, పేరును బట్టి వచ్చిన అఫ్జల్‌ఖాన్‌కూ మధ్య ఎంత దూరముందో పిల్లలకే తెలుస్తుంది. అద్దె డ్రస్సు ఖర్చు బడి పెట్టుకోవాలి. డ్రస్సుకు పైసలు లేక యువరాణి వేషం వదులుకున్న కూలివాళ్ల పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. శుక్రవారం జుమా వేళ రిహార్సలు పెట్టి 'మీ వాడు రాలేదు' అనకండి. మాట లేని వేషం ఏ పిల్లకూ వరసగా రెండేళ్లు ఇవ్వకండి. నాటకం అయిపోయిన మర్నాడు వేషం పేరుతో ఎవరినైనా పిలిస్తే ఆపండి. ఇందులో పైసా ఖర్చయ్యేది ఒక్క డ్రస్సు. మిగిలినదంతా మనసు ఖర్చు.

మా వాడి నాటకం ఏమైందో చెప్పి ముగిస్తాను. టీచరు షోయబుల్లాఖాన్ గురించి నా దగ్గర కాగితాలు తీసుకుంది. ఉత్సాహంగా ఒక రంగం రాసింది. హెడ్‌మాస్టరు భయపడ్డాడు. 'ఎందుకొచ్చిన లొల్లి, నాటకమే వద్దు, డ్యాన్స్ పెట్టండి' అన్నాడు. నాటకం పోయింది. పిల్లలు సినిమా పాటకు ఎగిరారు. మావాడు మూడో వరసలో ఎగిరాడు.

తీసేయడం న్యాయం కాదని ఆ హెడ్‌మాస్టరుకు ఇక్కడి నుంచి చెబుతున్నాను. మేం అడిగింది నాటకాన్ని ఆపమని కాదు, అందులోకి మమ్మల్ని రానిమ్మని. మా నొప్పి చెప్పిన ప్రతిసారీ తెర దించేస్తే మేం ఇంక ఏ స్టేజీ మీద కలుసుకోవాలి?

ఆ టీచరు రాసిన రంగం ఇంకా నా దగ్గర ఉంది. రెండు పేజీలు. మావాడికి కంఠతా వచ్చు. ఆదివారం మా డాబా మీద గల్లీ పిల్లలంతా కలిసి వేశారు. చీటీలు వేస్తే షోయబుల్లాఖాన్ మా ఎదురింటి సాయికుమార్‌కు వచ్చింది. రజాకారు మావాడికే వచ్చింది. వాడు ఈసారి నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. మా అమ్మీ కుర్చీ వేసుకొని ముందు వరసలో కూర్చుంది. మనవడి నాటకం చూసి రెండు చేతులా చప్పట్లు కొట్టింది.

ఆ డాబా మీదికి వచ్చిన నాటకం బడిలోకి ఎప్పుడు వస్తుంది? ఈ ప్రశ్న మా పిల్లలది కాదు. వేషాలు పంచే చేతులది.